‘శ్మశానవాటి’ – పాత మాటల పరిచయం

పాశ్చాత్య సాహిత్యంలో చీకటి, సమాధులు, శిథిలాలు, రాత్రి పక్షులు, మృత్యుభీతి ప్రధానంగా గల రచనలను గాథిక్ రచనలు అంటారు. ఆంగ్ల కవి థామస్ గ్రే 1751లో ప్రచురించిన శ్మశాన గీతం ఈ ధోరణికి తొలి మెట్లలో ఒకటి. అమెరికా కవి ఎడ్గార్ ఎలన్ పో 1845లో వెలువరించిన ‘ది రేవెన్’ లోకప్రసిద్ధి పొందిన గాథిక్ కావ్యం. అర్ధరాత్రి వేళ ఒక నల్లని పక్షి గదిలోకి వచ్చి ఒకే మాటను పదే పదే పలకడం అందులోని కథ. తెలుగులో ఈ మార్గానికి చెందిన కవిత ఏదని అడిగితే మొదట స్ఫురించేది గుఱ్ఱం జాషువ రచించిన ‘శ్మశానవాటి’. మన ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే ఇందులో భయానకం, కరుణం, శాంతం అనే మూడు రసాలు ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి.

ఈ ఖండిక మొదటిసారి చదివిన విద్యార్థికి రసం కంటే ముందు మాటలు అడ్డుపడతాయి. ఘూకము, కాకోలము, నిటలేక్షణుడు, రాజన్యుడు, విశ్వంభర, ఇక్కాటి – ఇవి నిత్యవ్యవహారంలో వినిపించని పదాలు. తేలికైన మార్గం ఒకటున్నది. పుస్తకం చివర ఉన్న అర్థాల పట్టికను కంఠస్థం చేసి, పరీక్షలో ప్రతిపదార్థం వ్రాసి, పరీక్ష ముగిసిన మరునాడు మరచిపోవడం. ఈ మార్గంలో మార్కులు దక్కుతాయి గాని పద్యం దక్కదు.

పార్వతీపురం మన్యం జిల్లాలోని కురుపాం వంటి చోట ఈ ప్రశ్నకు మరొక ముఖం ఉన్నది. ఈ ప్రాంతపు కళాశాలలకు చుట్టుపక్కల కొండల నుంచి జాతాపు, సవర కుటుంబాల పిల్లలు వస్తారు. సవర భాష ముండా కుటుంబానికి చెందినది. ద్రావిడ భాష అయిన తెలుగుతో దానికి జన్యసంబంధం లేదు. పాఠ్యప్రణాళికలో తెలుగును ద్వితీయ భాష అంటారు గాని, ఇంట్లో సవర మాట్లాడే విద్యార్థికి ఆ మాట అక్షరాలా నిజం. వాడుక తెలుగులో పట్టణపు విద్యార్థి అతనికంటే ముందుంటాడు. ఘూకము అనే మాట దగ్గర మాత్రం ఇద్దరూ ఒకే గీత మీద నిలబడతారు. పాత మాటను పట్టుకొనే ఉపాయం తెలిసినవాడే అక్కడి నుంచి ముందుకు నడుస్తాడు.

ఆ ఉపాయానికి ఘూకము, కాకోలము అనే రెండు పక్షుల పేర్లే మంచి ఉదాహరణలు. ఘూకము అంటే గుడ్లగూబ. కాకోలము అంటే బొంతకాకి. పో కావ్యంలోని నల్లపక్షికి మన నిఘంటువుల్లో దొరికే అత్యంత సమీప బంధువు. ఇంత తేలికైన తెలుగు పేర్లు ఉండగా కవి ఈ సంస్కృత పదాలను ఎందుకు ఎంచుకున్నాడు? పాండిత్య ప్రదర్శన కోసం అనుకోవడం తొందరపాటు. ఆ పద్యం శార్దూల విక్రీడితం. అందులో ప్రతి పాదానికి రెండవ అక్షరం ఒకే హల్లుగా ఉండాలి. ఇది ప్రాస నియమం. మొదటి పాదం ఆకాశంతో మొదలవుతుంది. రెండవ అక్షరం కకారం. కనుక తరువాతి పాదాలకూ రెండవ చోట కకారమే కావాలి. ఘూకములోనూ కాకోలములోనూ అది సిద్ధంగా ఉన్నది. గుడ్లగూబలోనూ బొంతకాకిలోనూ లేదు. అంతేకాదు. శార్దూలంలో పదమూడవ అక్షరం యతిస్థానం. పాదం మొదటి అక్షరానికి అది మైత్రి గలదై ఉండాలి. ఘూకంతో మొదలైన పాదంలో ఆ చోట ‘వ్యాఘోషించు’ అనే క్రియలోని ఘోకారం వచ్చి నిలిచింది. ఘూ, ఘో అనే ఈ రెండు ధ్వనులు కలిసి చీకట్లో గుడ్లగూబ కూతనే వినిపిస్తాయి. ఛందస్సు కోరిన అక్షరం, సన్నివేశం కోరిన ధ్వని ఒకే మాటలో దొరకడం కవి అదృష్టం కాదు, ఎంపిక.

పో కూడా ఇటువంటి పనే చేశాడు. తన కావ్యం పుట్టిన తీరును వివరిస్తూ 1846లో అతడొక వ్యాసం వ్రాశాడు. పక్షి పలికే పల్లవిమాటను తాను మొదట ధ్వనిని బట్టి ఎంచుకున్నానని, ఆ మాటను పలకడానికి మొదట చిలుకను అనుకొని, విషాదానికి తగినది కాదని దానిని మార్చానని అందులో చెప్పాడు. ఆ వివరణలో కొంత అతిశయం ఉండవచ్చునని విమర్శకులు అనుమానించారు. అయినా కవి మాటను చెవితో ఎంచుతాడన్న సంగతి దానివల్ల స్పష్టమవుతుంది.

గుడ్లగూబకు సంస్కృతంలో ఉన్న ఇతర పేర్లను కూడా ఈ సందర్భంలోనే తెలుసుకోవడం మేలు. దివాంధము అంటే పగలు చూపులేనిది. దివాభీతము అంటే పగటికి భయపడేది. నిశాటనము అంటే రాత్రి తిరిగేది. వాయసారాతి అంటే కాకికి శత్రువు. ఈ నాలుగింటిని అమరకోశం చేర్చి చెప్పింది. ఒక్కొక్క పేరు ఆ పక్షి గురించి ఒక్కొక్క పరిశీలన. గుడ్లగూబ నిజంగా పగలు గుడ్డిది కాదు గాని, పూర్వుల ఊహ పదంలో నిలిచిపోయింది. దివము, నిశ, అటనము, అరాతి అనే చిన్న మాటలు తెలిస్తే వాటితో ఏర్పడిన పెద్ద మాటలు ఎన్నో విడిపోతాయి. కాకోలము విషయంలో ఒక చిక్కు ఉన్నది. ఆ పదానికి ఒక విధమైన విషం అనే అర్థం కూడా నిఘంటువుల్లో కనిపిస్తుంది. పద్యంలో కాకోలాలు నలుదిక్కుల అరుస్తున్నాయి, విషం అరవదు. అర్థనిర్ణయం చేసేది వాక్యంలోని క్రియే గాని పట్టికలోని వరుస కాదు.

కొన్ని మాటలు కఠినమైనవి కావు, వేషం వేసుకొన్నవి. ‘ఇక్కాటి’ అన్న రూపాన్ని నిఘంటువులో వెదికితే దొరకదు. ఈ అనే సర్వనామానికి కాటి అనే మాట చేరి, త్రికసంధి చేత కకారం ద్విత్వమై, దీర్ఘమైన ఈకారం హ్రస్వమై ఇక్కాటి అయింది. ఆ చోట అచ్చోటగా, ఈ చోట ఇచ్చోటగా మారినది కూడా ఈ సూత్రంతోనే. కాటి అనేది ‘కాడు’ అనే నామపు ఔపవిభక్తిక రూపం. కాడు అంటే శ్మశానం. వల్లకాడు, కాటికాపరి, కాటికి కాళ్లు చాపడం అనే పలుకుబళ్లలో అది నేటికీ బ్రతికే ఉన్నది. తమిళ, కన్నడ భాషల్లో అదే మాటకు అడవి అని అర్థం. అడవి అంచునే ఊరివారి అంత్యక్రియలు జరిగే కొండ గ్రామాల విద్యార్థికి ఈ రెండు అర్థాలు ఒకే మాటలో ఇమడడం వింతగా తోచదు.

కారుమబ్బుల గుంపును కవి ‘గమి’ అన్నాడు. గమి అంటే సమూహం. కారు అంటే నలుపు; కారుచీకటి, కారడవి అనే మాటలు ఎరిగినవారికి కారుమబ్బును వేరుగా నేర్పనక్కరలేదు. అదేవిధంగా ‘క్రాగు’ అన్న పదం చూసి వెనుకాడవలసిన పని లేదు. క్రొత్త కొత్త అయినట్లు, ప్రొద్దు పొద్దు అయినట్లు, మ్రాను మాను అయినట్లు క్రాగు కాగు అయింది. పాత రూపంలోని రేఫను తొలగించి చూడడం అలవాటైతే ప్రాచీన కావ్యాల్లో కొత్తగా కనిపించే దేశ్యపదాలు అనేకం ఇంటి మాటలే అని తేలుతుంది. ఘూకంబుల్ వంటి రూపంలో చివరి ‘ంబుల్’ కూడా వేషమే. ‘ములు’ అనుకొంటే చాలు. నిఘంటువు తెరవడానికి ముందే చేయవలసిన పని ఇది. లేనియెడల 1885 నాటి శబ్దరత్నాకరమైనా, బ్రౌన్ నిఘంటువైనా విద్యార్థికి ఉపకరించదు.

సమాసాల సంగతి కొంత భిన్నం. నిటలము అంటే నుదురు, ఈక్షణము అంటే కన్ను. గుణసంధితో నిటలేక్షణము, నుదుట కన్ను గలవాడు నిటలేక్షణుడు, అనగా శివుడు. ఇది బహువ్రీహి. శివునికి ఎన్నో పేర్లు ఉండగా శ్మశానంలో ఈ పేరే రావడానికి కారణం ఆ కన్ను దహించే కన్ను కావడం. రాజన్యుడు అంటే రాజు. ముద్రిక అంటే ఉంగరం, అధికార చిహ్నం. విశ్వంభర అంటే సమస్తాన్ని భరించే భూమి. ‘భస్మసింహాసనం’ అన్న సమాసంలో తెలియని మాట ఒక్కటీ లేదు. బూడిద, సింహాసనం అనే రెండు తెలిసిన వస్తువులు పక్కపక్కన చేరగానే ఏలుబడి ఎవరిదో అర్థమవుతుంది.

ఇన్ని మాటలు అక్షరజ్ఞానం లేని ప్రేక్షకులకు ఎలా అందాయన్నది ఆలోచించవలసిన విషయం. బలిజేపల్లి లక్ష్మీకాంతం రచించిన ‘సత్యహరిశ్చంద్రీయం’ నాటకంలోని కాటిసీనులో నటులు జాషువ పద్యాలను చేర్చి పాడడం సంప్రదాయమైంది. డి.వి. సుబ్బారావు వంటి నటులు ఆ పద్యాలను రాగయుక్తంగా ఆలపిస్తుంటే జనం వన్స్‌మోర్ అని మళ్లీ పాడించుకొన్నారు. పద్యనాటకానికి ఆదరణ గల ఉత్తరాంధ్ర గ్రామాల్లోనూ ఆ పద్యాలు మారుమ్రోగాయి. నిటలేక్షణుడి వ్యుత్పత్తి తెలియని రైతు ఆ మాట దగ్గర నటుని చేయి నుదుటికి పోవడం చూసి అర్థం గ్రహించాడు. పుటలో కఠినమైన పదం వేదిక మీద కఠినం కాదు. జాషువ స్వయంగా యౌవనంలో రాజమహేంద్రవరంలో మూకీ చిత్రాలకు కథను, సంభాషణలను చదివి వినిపించే ఉద్యోగం చేశాడు. మాట చెవికి ఎలా చేరుతుందో అతనికి ఆనాడే తెలిసి ఉండాలి. కురుపాం తరగతి గదిలోనైనా ఈ పద్యాలను ముందు రెండుసార్లు గొంతెత్తి చదివించి, తరువాత అర్థానికి దిగడం ఉత్తమమైన పద్ధతి.

1895లో వినుకొండలో జన్మించిన జాషువ అంటరానితనపు అవమానాలను బాల్యం నుంచి అనుభవించాడు. సంస్కృత కావ్యభాష నీది కాదన్న సమాజంలో ఆ భాషను పట్టుదలతో అభ్యసించి, దానిలోనే తన నిరసనను పలికించాడు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి వంటి మహాపండితుడు అతనికి గండపెండేరం తొడిగి గౌరవించాడు. కనుక ‘శ్మశానవాటి’లోని గంభీర పదజాలాన్ని కేవలం అలంకారంగా భావించరాదు. ఖండిక చివర, శ్మశానంలో అస్పృశ్యతకు చోటు లేదని కవి ప్రకటిస్తాడు. పుడమి తన గర్భంలో పెబ్బులిని, మేకను పక్కపక్కన చేర్చి జోకొడుతుందని ఊహిస్తాడు. చావులో మాత్రమే దొరికే సమానత్వం గురించిన ఈ మాట పీఠభూమిలా ప్రశాంతంగా కనిపించినా అడుగున నిప్పు ఉన్నది. పెబ్బులి అంటే పెద్దపులి. ఈ పదం కురుపాం విద్యార్థికి అపరిచితం కారాదు. పెబ్బులి బెబ్బులిగా, అది బొబ్బిలిగా మారి సమీపంలోని ఆ పట్టణానికి పేరైనదని ప్రతీతి.

పాత మాటలను నేర్చుకోవడం వేరు, వాటితో వ్రాయవలసి రావడం వేరు. ఈ భేదాన్ని గట్టిగా నిలిపినవాడు గిడుగు వేంకట రామమూర్తి. కురుపాం కొండలకు తూర్పున పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న రామమూర్తి ఒక సవర వ్యక్తిని ఇంట ఉంచుకొని ఆ భాషను నేర్చాడు. సవర బాలల కోసం సొంత ఖర్చుతో బడి నడిపాడు. అతని సవర భాషా గ్రంథం 1931లోను, సవర–ఆంగ్ల నిఘంటువు 1938లోను అచ్చయ్యాయి. మాట్లాడే భాషను అలా చెవితో శ్రద్ధగా నేర్చినవాడు, ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో వ్యాసాలు వ్రాయాలని విద్యార్థులను నిర్బంధించడాన్ని సహించలేకపోయాడు. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను స్థాపించి ఆ వాదాన్ని ప్రచారం చేశాడు. ప్రాచీన కావ్యాలు చదవవద్దని అతడు అనలేదు. వాటిని నిశితంగా చదివి, పూర్వకవుల ప్రయోగాలనే తన వాదానికి సాక్ష్యంగా చూపాడు.

ఆ దృష్టితో చూస్తే విద్యార్థి చేయవలసిన పని పరిమితమైనదే. ఘూకము పద్యంలో కనిపించినప్పుడు గుర్తించాలి. ఆ మాట అక్కడెందుకున్నదో చెప్పగలగాలి. తన సమాధానంలో మాత్రం గుడ్లగూబ అని వ్రాయవచ్చు. సవర విద్యార్థి తన పదాల పుస్తకంలో ఘూకము, గుడ్లగూబ అనే రెండు వరుసల పక్కన మూడవ వరుస గీసుకొని, ఆ పక్షిని తన ఇంట ఏమంటారో అమ్మమ్మను అడిగి వ్రాసుకొంటే, రామమూర్తి నిఘంటువు కోసం చేసిన పని వంటిదే తానూ చేసినట్లవుతుంది.