మీట నోటికి కాదు, చేతికి రావాలి

అమరచింత: పట్టుచీరలకు పేరుపడిన ఈ ఊళ్లో మగ్గం తొక్కే కాలు లెక్కలు అడగదు. కంప్యూటర్ మీటలూ అంతే. చీటీ రాసి గోడకంటిస్తే రావు, వేళ్లకు అలవాటు కావాలి.

చిటికెనవేలితో కంట్రోల్ నొక్కిపట్టి జెడ్ కొడితే చేసిన పొరపాటు రద్దవుతుంది. జకార్డు నమూనాలో ఒక్క గడి తప్పితే అంచు పొడవునా అదే తప్పు పడుతుంది మరి! జెడ్ పక్కనే ఎక్స్, సి, వి: కత్తిరింపు, నకలు, అతికింపు. ఎక్స్ అచ్చం తెరిచిన కత్తెరే. ఈ కత్తిరించి అతికించే పద్ధతికి 1970లలో రూపమిచ్చిన వారిలో ముఖ్యుడు, 2020లో మరణించిన లారీ టెస్లర్, అప్పట్లో జిరాక్స్ కంపెనీ ఉద్యోగే.

అన్నిటికన్నా ముందు నేర్వవలసింది కంట్రోల్‌తో ఎస్. గంటలకొద్దీ గీసిన బుటాను దాచకముందే కరెంటు పోతే మళ్లీ మొదలే. వారానికొక జత పట్టుకుని, ఆ పనికి మౌస్ ముట్టకూడదు.