బోలు గ్రహమున గురుత్వాకర్షణము

భూగర్భము బోలుగా నున్నదనియు, అందు వేఱొక జగత్తు గలదనియు తలచినవారు పామరులు మాత్రమే కారు. దిక్సూచి ముల్లు చూపు దిశ కాలక్రమమున మాఱుచుండుటకు కారణ మరయుచు, ఆంగ్ల జ్యోతిశ్శాస్త్రజ్ఞుడగు ఎడ్మండ్ హేలీ 1692లో, భూగోళము ఒకదానిలో నొకటి యిమిడి వేఱువేఱుగ తిరుగు గోళములతో గూడియున్నదని ప్రతిపాదించెను. పై పెంకు మందము 500 మైళ్లని యాయన లెక్క.

అట్టి బోలు గ్రహమున ప్రవేశించినవాని గతి యేమి? లోపలి గోడపై పాదములు మోపి, కేంద్రమువైపు శిరస్సు నుంచి నడువగలడని పలువురు భావింతురు. అది పొరపాటు. 1687లో ప్రకటితమైన ప్రిన్సిపియా గ్రంథమున న్యూటను దీనికి ముందే సమాధాన మొసంగియున్నాడు. అంతటను సమానమైన మందమును సాంద్రతయు గల గోళాకారపు పెంకు తన లోపలి వస్తువును ఏ దిక్కునకును లాగదు. కేంద్రమున మాత్రమే కాదు, బోలులో నెచ్చటనైనను నింతే.

కారణము సులభగ్రాహ్యము. ఒక గోడకు చేరువనున్న మనుజునినుండి ఇరువైపులకును ఒకే కోణముతో రెండు శంకువులను గీచితి మనుకొందము. దగ్గరి గోడపై శంకువు కప్పు భాగము చిన్నది. ఎదుటి గోడపై కప్పునది పెద్దది. దూరము రెట్టింపైన ఆ భాగము నాలుగు రెట్లగును. ఆకర్షణమో, నాలుగవ వంతునకు తగ్గును. కావున దగ్గరి స్వల్పభాగమును, దూరపు విశాలభాగమును తుల్యబలముతో లాగి, ఒకదాని నొకటి రద్దుపఱచుకొనును. అన్ని దిక్కుల నిట్లే యగుటచే, అచ్చట చేతినుండి విడిచిన మామిడిపండు క్రిందపడదు. క్రిందు అనునదే యచ్చట లేదు.

గ్రహభ్రమణముచే కొంచెము బరువు కలుగుమాట నిజమే. భూమియంతటి పలుచని పెంకు దినమున కొకసారి తిరిగినచో, మధ్యరేఖకడ దానితోపాటు తిరుగు 60 కిలోగ్రాముల మనుష్యుడు గోడను సుమారు 200 గ్రాముల బరువుతో నొత్తును. ధ్రువములకడ నదియు నుండదు. ఇక చీకటి పోగొట్టుటకై లోపల నొక సూర్యుని నిలిపినచో మఱింత యుపద్రవము. పెంకు లాగదు గాని సూర్యుడు లాగును. అచ్చటి జనులును, నీరును, గాలియు నా యగ్నిగుండమున గూలవలసినదే.

మన భూమి సంగతి యూహతో గాక కొలతతో తేలినది. 1798లో హెన్రీ కావెండిష్ సీసపు గుండ్ల యాకర్షణమును కొలిచి, భూమి సగటున నీటికంటె 5.48 రెట్లు సాంద్రమని కనుగొనెను. నేటి లెక్క 5.51. మన కాలిక్రింది రాళ్లు సామాన్యముగా మూడు రెట్లకు మించవు. కావున లోపలనున్నది శూన్యము గాదు, మిక్కిలి బరువైన పదార్థము. భారత భూగర్భ పరిశోధనశాఖలో పనిచేసి, 1897 నాటి అస్సాము భూకంపమును పరిశీలించిన ఓల్డ్‌హామ్, భూకంపతరంగముల గమనమునుబట్టి 1906లో భూమికి కేంద్రగర్భము గలదని చూపెను. అందును మఱియొక అంతర్గర్భము గలదని 1936లో డెన్మార్కు విదుషి ఇంగె లేమాన్ తెలిపెను.

హేలీ సమాధానము తప్పినను, ఆయన ప్రశ్న వ్యర్థము గాలేదు. దిక్సూచి దిశ మాఱుటకు కారణము భూగర్భముననే యున్నది. అచ్చట ద్రవరూపమున నున్న యినుము నిరంతరము చలించుటయే దానికి మూలము.