జవాబు లమ్మిన బాలిక

పరీక్షల దినములు వచ్చినచో మా యింట దీపమారుట యుండదు. మా వారు ఉపాధ్యాయులు. ఎవరి పిల్లలో వ్రాసిన జవాబు కాగితములను కట్టలు విప్పి చావడినిండ పరచుకొని, ఎఱ్ఱసిరాతో దిద్దుచు అర్ధరాత్రము దాక కూర్చుందురు. కావున పరీక్షలను గూర్చిన చలనచిత్ర మొకటి కలదని మా పెద్దమ్మాయి చెప్పినప్పుడు, “ఇంటిలో చాలకనా తల్లీ, తెరమీద గూడ?” నని పరిహసించితిమి. తుదకు చూచితిమి. చూచిన రాత్రి మాకు నిదుర పట్టలేదు. అందుచేతనే సోదరీమణులతో నీ నాలుగు మాటలు చెప్పుకొన దలచితిమి.

చిత్రము థాయి దేశమువారిది. ఆంగ్లమున దానిని ‘బ్యాడ్ జీనియస్’ అందురు. 2017వ సంవత్సరము మే నెలలో విడుదలయ్యెను. దర్శకుడు నట్టవుత్ పూన్‌పిరియ. ఆ యేట ఆ దేశపు చిత్రములలో నెల్ల నధిక ధనమార్జించినది యిదియే. వారి జాతీయ బహుమానములలో 12 దీనికే దక్కినవి. ఇందు హంతకులు లేరు, పిశాచములు లేవు, తుపాకి మ్రోత లేదు. ఒక పెన్సిలు, ఒక రబ్బరుముక్క, ఒక గోడగడియారము, వీనితోనే చూచువారి గుండెలు దడదడ లాడును.

కథానాయిక పేరు లిన్. తండ్రి బడిపంతులు. తల్లి భర్తను విడిచి వెళ్ళినది. కూతురు తెలివిగలది గదాయని ఆ తండ్రి బ్యాంకాకు నగరమందలి గొప్ప పాఠశాల కామెను తీసికొని పోవును. ప్రధానోపాధ్యాయిని యెదుట ఆ పిల్ల, ఈ బడికి వచ్చిన యెడల బండికూలి యెంత, భోజనమున కెంత, తండ్రిపై నెంత భారము పడునో కాగితము లేకయే లెక్కగట్టి చెప్పును. ఆమె యాశ్చర్యపడి జీతము లేకుండ చేర్చుకొనును. మేము గూడ నవ్వుకొంటిమి. సంసారపు లెక్క తెలిసిన పిల్ల యనుకొంటిమి.

గ్రేస్ అను స్నేహితురాలు చదువులో వెనుకబడినది. మార్కులు రానిచో బడి నాటకమున వేషమీయరు. పరీక్షలో ఆమె దైన్యము చూడలేక లిన్ రబ్బరుముక్కపై జవాబులు వ్రాసి, దానిని చెప్పులోనిడి వెనుకకు జరుపును. స్నేహధర్మమే గాని రూక పుచ్చుకొనలేదు. గ్రేసునకు పాట్ అను ధనవంతుని కుమారుడు చెలికాడు. అతడు వెంటనే బేరము పెట్టును: మా వంటివా రెందరో యున్నారు, తలకింత యిత్తుము, జవాబులు చెప్పుము.

ఆ పిల్ల తొలుత ఒప్పుకొనలేదు. ఒప్పుకొన్నది యెప్పుడనగా, తనను ఉచితముగా చేర్చుకొన్నారని తాననుకొన్న ఆ బడివారే తన తండ్రివద్ద వేరుగా ధనము పుచ్చుకొన్నారని తెలిసిన పిదప. దానిని వారు ‘తేనీటి సొమ్ము’ అందురట. మన యొద్ద నైనచో కట్నమందుము, విరాళమందుము, భవననిధి యందుము. పేరులకేమి కొదువ!

చిత్రమున మా మనస్సును బట్టిన స్థలమిది. పట్టుబడిన దినమున ప్రధానోపాధ్యాయిని గద్దించినప్పుడు, మీరు మాత్రము మా తండ్రివద్ద పుచ్చుకొనలేదా యని ఆ పిల్ల యెదురడుగును. ఉద్ధతురాలని కోపము తెచ్చుకొనవచ్చును. కాని చోరవిద్య కామెకు తొలి పాఠము చెప్పినది పాట్ కాదు, ఆ కార్యాలయపు గదియే.

జవాబులు పంపు ఉపాయము వినుడు. నాలుగు జవాబులకు నాలుగు సంగీత స్వరమాలికలు. పియానో వాయించునట్లు బల్లమీద ఆమె వ్రేళ్ళు కదలుచుండ, గదినిండ విద్యార్థులు ఆ వ్రేళ్ళను చూచి గుర్తు పెట్టుకొందురు. సంగీతము నేర్చిన చేతులకు పట్టిన గతి!

ఇంక నొక బాలుడు. ఆ దేశమందు పిల్లలకు ఆంగ్లపదములను ముద్దుపేరులుగా పెట్టుట వాడుక. ఈ నిరుపేద బాలుని పేరు బ్యాంక్! తల్లి పరుల బట్టలుతికి జీవించును. అతడును విద్యార్థి వేతనముపై చదువువాడే, అబద్ధ మెఱుగనివాడు. అతనిచేతనే తొలుత లిన్ పట్టుబడును. పిమ్మట విదేశ విద్యకై పోటీ పరీక్ష వ్రాయవలసిన దినమున దుండగులు కొట్టి చెత్తకుప్పలో పడవేయుదురు. పరీక్ష తప్పినది. అట్టి దుర్దశలో నున్నవానిని లిన్ తన పథకమునకు పిలుచును. కొట్టించిన వాడెవడో అతనికి గాని ఆమెకు గాని యప్పటికి తెలియదు.

పథకమేమనగా, పాట్, గ్రేస్ అమెరికాకు పోవలెను. అందుకు ప్రపంచమంతట నొకే దినమున జరుగు ప్రవేశపరీక్ష కలదు. సిడ్నీలో తెల్లవారిన మూడు నాలుగు గంటలకు గాని బ్యాంకాకులో తెల్లవారదు. లిన్, బ్యాంక్ సిడ్నీకి పోయి ముందుగా వ్రాసి, జవాబులు కంఠస్థము చేసి, విరామమున మరుగుదొడ్డిలో దాచిన ఫోనుద్వారా పంపవలెను. ఇచ్చట వానిని పెన్సిళ్ళపై చారల గుర్తులుగా నచ్చువేసి, సొమ్ము చెల్లించిన వారికి పంచుదురు. తుది అరగంట మేము చూచుచున్నంతసేపు మా పొయ్యిమీది పాలు పొంగి పోయినవి.

ఇది కేవలము కల్పన యని తోసివేయుటకు వీలులేదు. చిత్రమందు మారుపేరు పెట్టినను ఆ పరీక్ష అమెరికావారి ‘శాట్’ వంటిదని యెవరికైన తెలియును. 2013 మే నెలలో ప్రశ్నలు ముందే బయటపడినవని దక్షిణ కొరియా దేశమంతట ఆ పరీక్షను రద్దు చేసిరి. నేరమెఱుగని పిల్లలు గూడ అందు నష్టపడిరి. అమెరికా వెలుపల 2023 నుండి దానిని కాగితముపై గాక యంత్రముపై, ఒక్కొక్కరికి వేరువేరు ప్రశ్నలతో పెట్టుచున్నారు. కావున పెన్సిలు ఉపాయమునకు కాలము చెల్లినది. మన దేశమందును ఈ చిత్రము ‘ఫర్రే’ యను పేర 2023లో హిందీలో వచ్చినది. మరుసటి యేడే ప్రశ్నపత్రముల నమ్ము ముఠాలకు అయిదు మొదలు పది యేండ్ల వరకు కారాగారము విధించు శాసనము కేంద్రమున చేయబడినది.

తుదకు సిడ్నీలో పట్టుబడినవాడు బ్యాంక్. లిన్ పేరు చెప్పక తానే భరించును. చదువు పోయినది, నిజాయితీయు పోయినది. మరల కనిపించినప్పుడు, ఇంకొక పరీక్షతో నింకను పెద్ద వ్యాపారము చేయుదము రమ్మని అతడే లిన్‌ను పిలుచును. ఒల్లనన్నచో బయటపెట్టుదునని బెదరించును. ధనవంతుల పిల్లలకు కలిగిన నష్ట మంతగా కనబడదు. చాకిరేవు కొడుకు మాత్రము మనిషియే మారిపోయెను. దర్శకుని తీర్పులలో మాకు మిక్కిలి కటువుగా తోచినది యిది, మిక్కిలి సత్యమని తోచినదియు నిదియే. లిన్ తండ్రిచేయి పట్టుకొని తప్పొప్పుకొనుటకు పోవును. ఆ తండ్రి యొక్క మాటయు ననక ప్రక్కన నడచును.

ఆ తండ్రి ముఖము చూచుచు మా వారిని జ్ఞప్తికి తెచ్చుకొంటిమి. కొన్ని యేండ్లక్రింద నొక పెద్దమనిషి కొడుకు మార్కులకై మిఠాయి పొట్లము, దాని యడుగున నొక కవరు తెచ్చెను. ఆ నెల కిరాణా కొట్టు బాకీ తీరలేదు. మా వారు కవరు తెరువకయే తిరిగి యిచ్చివేసిరి. అందెంత యున్నదోయని రెండు దినములు మేము తలపోసితిమి. ఆ సంగతి వారికి నేటివరకు చెప్పలేదు.

చిత్రము ముగిసిన పిదప అమ్మాయితో, “చూచితివా, స్నేహమని మొదలైనది యెందాక పోయినదో” యని మేము పెద్దరికమున నంటిమి. అది నెమ్మదిగా, “అమ్మా, కరోనా నాడు ఇంటిలో కూర్చుండి ఫోనుముందు పరీక్ష వ్రాయలేదూ? ‘చక్రపాణి’ యే సమాసమని తలుపు వెనుకనుండి ‘బహువ్రీహి’ యని చెప్పినది నీవు కాదా?” అనెను.

నిజమే. 2021వ సంవత్సరమున, అది ఎనిమిదవ తరగతి. చిన్ననాట మా తాతగారి యొద్ద వ్యాకరణము వల్లించిన నోరు ఊరకుండలేదు. పిల్ల ముఖము చిన్నబోవుట చూడలేకపోతిమి. ఆ తరగతి తల్లులలో నట్లు చేయనివారు తక్కువయని ఆనాడు మమ్ము మేము సమాధానపఱచుకొంటిమి. లిన్ చెప్పులోని రబ్బరుముక్కకును మా తలుపుచాటు మాటకును భేదమేమో ఆ రాత్రి యెంత వెదకినను దొరకలేదు.

చావడిలో మా వారు కాగితములు దిద్దుచుండిరి. అమ్మాయి మాట వారి చెవిని బడినదో లేదో తెలియదు. కొంతసేపు ఎఱ్ఱకలము ఆగినట్లు తోచెను. పిదప, “కాసిని మంచినీళ్ళు తెమ్ము” అనిరి.