పందెపు ఎడ్లు సరే.. మేపెటోని లెక్కేంది?

శివరాత్రి జాతరకు మేళ్లచెరువుల బండలాగుడు సూసి ఈలలేసెటోళ్లం మస్తుమందిమి. ఆ జతను ఏడాదంతా మేపెటోని ఖర్సు మాత్రం ఎవ్వలు అడుగరు. పందెపు ఎడ్లను దుక్కికి కట్టరు. అంటే రాబడి సున్నా, మేపుడు మాత్రం రోజూ ఉంటది. ఉలవలు, పచ్చిగడ్డి, సూసుకునే మనిషికి జీతం. పందెం దూరమైతే డీసీఎం కిరాయి, ఎంబడి వచ్చెటోళ్ల తిండి అలగ్.

పోటీల పద్ధతి మంచిగనే ఉన్నది. పెట్టిన టైంల బండను ఎంత దూరం గుంజితే అంత లెక్క. రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని ఎడ్ల వయసును బట్టి ఏరు జేస్తరు. గందుకే లేత కోడెలున్నోడు గూడ ధైర్యంగ దిగుతడు.

తిప్పలంత ఇనాం కాడనే. పైన నిలిచిన జతలకే పైసలు. కింద మిగిలినోనికి డీజిల్ ఖర్సు గూడ ఎల్లదు. రెండు మూడు జాతరలు గిట్లనే అయితే, ఇంట్ల పోరు పడలేక జతను అమ్ముకుంటడు. ఎన్కకు ఉన్నోళ్ల ఎడ్లే మిగుల్తయి. ఆళ్లే ఆడుడు, ఆళ్లే గెలుసుడు.

మొదటి ఇనాం జర తగ్గినా ఏంగాదు, దిగిన ప్రతి జతకు కిరాయి పైసలియ్యాలె. చందాలు వసూలు జేసినప్పుడే కమిటోళ్లు ఆ పైసలు పక్కకు పెడితే అయిపాయె.