‘కోడ్ రన్ అవ్వట్లేదు బ్రో’ అంటే ఏం చెప్తారు?

మా మంత్రాలయంలో ఓ మెకానిక్ అన్న ఉన్నాడు. దర్శనానికొచ్చినోళ్ల కారు ఎమ్మిగనూరు రోడ్డులో ఆగిపోతే ఆయనకే ఫోన్. ‘‘బండి స్టార్ట్ కావట్లేదు, తొందరగా రా అన్నా’’ అంటారు. ఆయన తొందరపడడు. ‘‘తాళం తిప్పితే శబ్దం వస్తాందా? లైట్లు ఎలుగుతాండాయా? ఆగేముందు ఏమైంది?’’ అని అడుగుతాడు. జవాబుని బట్టే ఏ సామాను తీసుకెళ్లాలో తేల్చుకుంటాడు.

ఇంజినీరింగ్ సెకండియర్‌లో నాకిది తట్టలేదు. ప్రాజెక్టు ఇవ్వాల్సిన ముందురోజు రాత్రి కోడింగ్ గ్రూపులో ‘‘కోడ్ రన్ అవ్వట్లేదు, అర్జెంట్, ప్లీజ్ హెల్ప్’’ అని పెట్టా. కింద మసగ్గా ఓ స్క్రీన్ ఫొటో. తెల్లారేదాకా ఒక్క రిప్లై లేదు. నా ఇంగ్లిష్ చూసి పట్టించుకోలేదనుకుని బాధపడ్డా. ఇప్పుడు నేనే జవాబులు చెప్తుంటే అర్థమవుతోంది: సాయం చేద్దామనుకున్నోళ్లకి కూడా నేను పట్టు దొరకనివ్వలేదు.

‘జ్ఞా’ నేర్పిన పాఠం

2018 ఫిబ్రవరి గుర్తుందా? ‘జ్ఞా’ అనే మన తెలుగు అక్షరం కనిపిస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడిపోయాయి. అప్పటి వెర్షన్ ఐఓఎస్ 11.2.5. కానీ మామూలుగా ‘జ్ఞానం’ అని టైప్ చేస్తే ఏమీ కాదు. ‘జ్ఞ’కీ దీర్ఘానికీ మధ్య ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే కంటికి కనిపించని క్యారెక్టర్ ఉంటేనే తంటా. ఆ నెల 19న యాపిల్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది.

‘‘తెలుగు మెసేజ్ వస్తే ఫోన్ ఆగిపోతోంది’’ అంటే ఎక్కడని వెతుకుతారు? ‘‘ఈ వెర్షన్‌లో, ఈ అక్షరాలు, ఈ వరసలో వస్తే’’ అంటే ఎవరైనా తమ ఫోన్లో చేసి చూడొచ్చు. మంచి ప్రశ్నంటే అదే. మీ సమస్య అవతలివాళ్ల మెషీన్‌లోనూ కనిపించాలి.

అడిగే ముందు

• ఏం చేశారు, ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది? మూడు లైన్లలో రాయండి.

• ఎర్రర్ మెసేజ్‌ని అక్షరం మార్చకుండా పేస్ట్ చేయండి. ఫొటోలో ఉన్న కోడ్‌ని ఎవరూ రన్ చేసి చూడలేరు. పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు మాత్రం తీసేయండి.

• ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ వెర్షన్ అన్నది చెప్పండి.

• ప్రాజెక్టంతా పంపొద్దు. ఎర్రర్ పోకుండా ఎంత కోడ్ తీసేయగలరో తీసేసి, మిగిలింది పెట్టండి.

• ఇప్పటిదాకా ఏమేం ప్రయత్నించారో రాయండి. పరిష్కారం దొరికాక అదీ చెప్పండి, తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తుంది.

ఆ రోజు పొద్దున ఓ సీనియర్ నాతో ప్రశ్నని ఇలాగే తిరగరాయించాడు. రెండొందల లైన్లు తీసేస్తూ వస్తే ఒక్కటే మిగిలింది, ఫైల్ అడ్రస్ ఉన్న లైను. ఫోల్డర్ పేరు ‘న్యూ’. బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న ‘ఎన్’ ఉంటే పైథాన్ దాన్ని కొత్త లైను అనుకుంటుంది! సెండ్ నొక్కే పనే రాలేదు.

ఇక ఇంగ్లిష్ గురించి బెంగొద్దు. చిన్న చిన్న వాక్యాలు చాలు. అసలు ముఖ్యమైన ఎర్రర్ మెసేజ్‌ని కంప్యూటరే ఇంగ్లిష్‌లో రాసిపెట్టింది కదా!