పదమూడు గంటలు, మూడు కొండలు, ఒక సైకిలు

విక్టోరియా రాష్ట్రంలో ఫాల్స్ క్రీక్ అని ఒక కొండ ఊరుంది. చలికాలంలో పిల్లలకు మంచు చూపించడానికి తీసుకెళ్లే ఊళ్లలో అదొకటి కాబట్టి మెల్‌బోర్న్ తెలుగువాళ్లలో చాలామందికి తెలిసే ఉంటుంది. మార్చి నెల, లేబర్ డే సెలవుల్లో వచ్చే ఆదివారం అదే ఊరు సైకిళ్లతో నిండిపోతుంది. పొద్దున్నే అక్కడ బయలుదేరి, కొండలు ఎక్కి దిగి, 235 కిలోమీటర్లు చుట్టి, మళ్లీ అక్కడికే చేరాలి. గడువు 13 గంటలు. దాని పేరు పీక్స్ ఛాలెంజ్. బైసికిల్ నెట్‌వర్క్ సంస్థ 2010లో త్రీ పీక్స్ ఛాలెంజ్ పేరుతో దీన్ని మొదలుపెట్టింది.

ఇది పందెం కాదు. మనలాగే ఉద్యోగాలూ ఇళ్లూ చూసుకునేవాళ్లే తొక్కుతారు. గడువులోగా వచ్చినవాళ్లకు ఒక జెర్సీ ఇస్తారు. అది కొంటే దొరికేది కాదు, తొక్కితేనే వస్తుంది. దారి మొత్తం మీద ఎక్కే ఎత్తు 4,000 మీటర్లు దాటుతుంది. మన లెక్కలో చెప్పాలంటే అలిపిరి నుంచి తిరుమలకు ఒకే రోజు ఐదారుసార్లు ఎక్కినంత. పాల్గొనేవాళ్లలో ఆడవాళ్లు ఇప్పటికీ తక్కువే. మన తెలుగు ఆడవాళ్లు ఇంకా తక్కువ. అందుకే ఇది రాయాలనిపించింది.

దారి ఇదీ

మొదట ఫాల్స్ క్రీక్ నుంచి మౌంట్ బ్యూటీ ఊరి దాకా దాదాపు ముప్పై కిలోమీటర్లు దిగుడే. కష్టం లేదు కదా అనుకుంటాం గానీ, ఆ పొద్దుటి చలిలో చేతివేళ్లు కొంకర్లు పోయి బ్రేకులు పట్టుకోవడం కష్టమవుతుంది. తరవాత మొదటి ఎక్కుడు టవొంగా గ్యాప్. ఏడెనిమిది కిలోమీటర్లు ఒకే తీరుగా ఎక్కుతుంది. ఒళ్లు వేడెక్కడానికి బాగుంటుంది.

రెండోది మౌంట్ హోథమ్. హారియట్‌విల్ ఊళ్లో మొదలై సుమారు ముప్పై కిలోమీటర్లు సాగుతుంది. మొదటి పది కిలోమీటర్లు నిటారు, నడుమ కాస్త తెరిపి, చివరి పది మళ్లీ నిటారు. పైకి పోయేకొద్దీ చెట్లు పలచబడి, గాలికి అడ్డమే ఉండదు. పర్వతం ఎత్తు 1,861 మీటర్లు, రోడ్డు దాదాపు శిఖరం పక్క నుంచే పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంత ఎత్తైన శిఖరం ఒక్కటీ లేదు.

అక్కణ్నుంచి డిన్నర్ ప్లెయిన్, ఓమియో, యాంగ్లర్స్ రెస్ట్ మీదుగా 200 కిలోమీటర్ల దగ్గరకు వచ్చాక ఎడమవైపు ఒక మలుపు. దానికి సైకిలువాళ్లు పెట్టుకున్న పేరు డబ్ల్యూ.టి.ఎఫ్. కార్నర్. మర్యాదగా తెలుగులో 'ఓరి దేవుడా మలుపు' అనుకోవచ్చు. తిరగ్గానే రోడ్డు గోడలా లేస్తుంది. అదే మూడో కొండ, ఫాల్స్ క్రీక్ వెనకవైపు దారి. ఇక్కడ తొమ్మిది పది కిలోమీటర్లు కాళ్లకు ఊపిరాడదు. అది దాటాక పీఠభూమి మీద ఎగుడుదిగుడుగా సాగి, రాకీ వ్యాలీ చెరువు పక్కగా ఊళ్లోకి దిగుతుంది.

గడువు లెక్క

235 కిలోమీటర్లను 13 గంటలతో భాగిస్తే గంటకు 18 వస్తుంది. ఫర్వాలేదే అనిపిస్తుంది. కానీ నీళ్లు నింపుకోవడం, బాత్రూము వరస, తిండి కలిపి ఒక గంట పోతుంది. అంటే తొక్కేటప్పుడు సగటున 19.6 ఉండాలి. హోథమ్ మీద గంటకు పది పదకొండు కిలోమీటర్లే నడుస్తాయి కాబట్టి ఆ లోటు దిగుళ్లలో, చదును దారిలో పూడ్చుకోవాలి. హైదరాబాద్‌లో బి.ఆర్.ఎం. సైకిలు ప్రయాణాలు చేసేవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు ఇస్తారు. ఇక్కడ అంతకంటే అరగంట తక్కువలో 35 కిలోమీటర్లు ఎక్కువ, పైగా మూడు పెద్ద కొండలు.

సరిగ్గా 13 గంటల వేగంతో తొక్కుకుంటూ వచ్చే ఒక రైడరు ఉంటారు. వారిని లాంతర్న్ రూజ్ అంటారు. రైలు చివరి పెట్టెకు వేలాడే ఎర్రదీపం అని ఆ ఫ్రెంచి మాటకు అర్థం. టూర్ ద ఫ్రాన్స్‌లో చిట్టచివరి స్థానానికీ అదే పేరు. ఆ దీపం మనల్ని దాటి ముందుకు పోయిందంటే జెర్సీ చేజారుతున్నట్టు లెక్క.

ఆ రెండు వందల గంటలు ఎవరివి?

మామూలుగా తొక్కగలిగేవాళ్లకు ఈ దారికి సిద్ధం కావడానికి అక్టోబరు నుంచి మార్చి దాకా ఐదు నెలలు కావాలి. వారానికి సుమారు పది గంటలు. మొత్తం రెండు వందల గంటలు. ఇన్ని గంటలు ఎక్కణ్నుంచి తేవాలన్నదే మనలాంటివాళ్లకు మొదటి కొండ.

నేను సిద్ధమైన ఏడు మా అత్తయ్యగారు విజయవాడ నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. శనివారం ఐదింటికి బూట్లు వేసుకుంటుంటే అడిగేవారు: "ఏమ్మా, ఇంత పొద్దున్నే ఏమన్నా పనుందా?" "పనేం లేదత్తయ్యా, కొండెక్కి వస్తాను" అనేదాన్ని. ఆవిడ కాదనలేదు. ఒక నిమిషం ఆగి, "పని లేకుండా నేనెప్పుడూ గడప దాటలేదే" అన్నారు, నొచ్చుకుంటూ కాదు, ఏదో లెక్క చూసుకుంటున్నట్టు. గుడికో, కూరలకో, పిల్లల బడికో, పెళ్లికో తప్ప మన ఇళ్లలో ఆడవాళ్లు బయటికి వెళ్లడం ఎంత అరుదో ఆ ఒక్క మాటలో ఉంది. దేశం మారినా ఆ అలవాటు మనతోపాటే విమానం ఎక్కి వస్తుంది. ఉద్యోగానికైతే జంకు లేకుండా వెళ్తాం. మన కోసం మనం వెళ్లాలంటే ఎవరికో సంజాయిషీ ఇవ్వాలనిపిస్తుంది.

మా ఇంట్లో కాగితం మీద రాసుకున్నాం. శనివారం ఐదు నుంచి పదకొండు దాకా నావి. పిల్లల ఈత క్లాసు, ఆ పూట టిఫిను, మధ్యాహ్నం వంట మా ఆయనవి. నాకు సాయంగా కాదు, ఆయన పనిగానే. ఆదివారం ఆయన క్రికెట్టు, తెలుగు బడికి దింపడం నాది. వారంలో మరో మూడు రోజులు పొద్దున ఐదుంపావుకి గరాజులో ట్రైనరు మీద గంటసేపు, ఒక సాయంత్రం బయట.

శుక్రవారం రాత్రే శనివారానికి వండిపెట్టి వెళ్లే పద్ధతి మాత్రం పెట్టుకోలేదు. కారణం పంతం కాదు. అలా చేస్తే సైకిలు గంటలన్నీ నిద్రలోంచి పోతాయి. కండరం బలపడేది తొక్కేటప్పుడు కాదు, తొక్కి వచ్చి నిద్రపోయినప్పుడు. నిద్ర తగ్గితే శిక్షణ ఒంటికి పట్టదు, జలుబులూ మోకాళ్ల నొప్పులూ మొదలవుతాయి.

సిద్ధపడటం

మెల్‌బోర్న్‌లో బీచ్ రోడ్డు చదునుగా ఉంటుంది, ఓపిక పెంచుకోవడానికి పనికొస్తుంది. కొండకు మాత్రం డాండనాంగ్ కొండలకు పోవాలి. ద బేసిన్ నుంచి ససాఫ్రాస్ దాకా ఉన్న ఎక్కుడుకు 'వన్ ఇన్ ట్వంటీ' అని పేరు, దాదాపు ఏడు కిలోమీటర్లు. మొదట ఒకసారి, తరవాత రెండు, జనవరికి నాలుగుసార్లు. ఆ తరవాత వార్‌బర్టన్ నుంచి డోనా బువాంగ్ కొండ. శనివారపు దూరం అరవై కిలోమీటర్లతో మొదలై 180 దాకా పెరుగుతుంది. ప్రతి నాలుగో వారం సగానికి తగ్గించాలి. చివరి రెండు వారాలు కాళ్లకు విశ్రాంతి.

ఎక్కేటప్పుడు వేగం ఎంతుండాలో చెప్పడానికి మీటరేమీ అక్కర్లేదు. పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరైన వేగం. మాట తెగుతోందంటే సాయంత్రానికి దాచుకోవాల్సింది ఇప్పుడే ఖర్చు పెడుతున్నట్టు. గేర్ల విషయంలో మొహమాటం వద్దు. ముందు 34 పళ్ల చిన్న చక్రం, వెనక 34 పళ్ల పెద్ద చక్రం ఉంటే నిటారు రోడ్డు మీద కూడా కూర్చునే తొక్కవచ్చు, మోకాళ్లు నిలుస్తాయి.

వసంతంలో మాగ్‌పై పక్షులు గూళ్లు కాపాడుకుంటూ నెత్తిమీదికి దూసుకొస్తాయి. హెల్మెట్ ఎటూ తప్పదు. 1990లో ప్రపంచంలోనే మొదటిసారిగా సైకిలు హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది విక్టోరియానే. కొండమీద వాతావరణాన్ని నమ్మవద్దు. మార్చిలో కూడా ఎండ, వాన, గడ్డకట్టే గాలి ఒకే రోజు రావచ్చు. గాలి ఆపే పల్చటి కోటు, చేతితొడుగులు జేబులో ఉండాలి.

తిండి, ఒళ్లు

ఇంతసేపు తొక్కేవాళ్లకు గంటకు కనీసం 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. అరటిపండు ఒకటి పాతిక గ్రాములు ఇస్తుంది. ఆకలి వేశాక తింటే ఆలస్యమైపోయినట్టే, అరగంటకోసారి ఏదో ఒకటి నమలాలి. జెల్ పొట్లాలు కడుపుకు పడనివాళ్లకు మనింటి తిండే మేలు. పెద్ద ప్రొఫెషనల్ జట్లు కూడా అన్నాన్ని ముద్దలు చేసి రేకులో చుట్టి రైడర్లకు ఇస్తాయి. మెత్తగా వండిన అన్నంలో ఉప్పు, కాస్త బెల్లం కలిపి అదే చేసుకోవచ్చు. పల్లీపట్టి కూడా మంచిదే, అయితే ఎక్కుడు మొదలవకముందే తినాలి. ఏది తిన్నా శనివారాల్లో ముందే పరీక్షించుకోవాలి. కడుపుకూ శిక్షణ కావాలి.

మనం బయటికి చెప్పుకోని సంగతులు కొన్ని ఉన్నాయి. మెత్త ఉన్న సైకిలు షార్టు లోపల లోదుస్తులు వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. ఒరుపు తగ్గించే క్రీము తప్పనిసరి. ఆడవాళ్ల తుంటి ఎముకల వెడల్పును బట్టి సీటు ఎంచుకోవాలి, దుకాణంలో కొలిపించుకోవచ్చు. నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్లు, శాకాహారులు ముందే డాక్టరు దగ్గర ఐరన్ పరీక్ష చేయించుకోవాలి. ఎంత తొక్కినా ఆయాసం తగ్గడం లేదంటే కారణం కాళ్లలో కాక రక్తంలో ఉండవచ్చు. నలభై దాటినవాళ్లకు ఇంకో మాట: సైకిలు గుండెకు మంచిది గానీ ఎముకల మీద బరువు వేయదు. వారానికి రెండుసార్లు బరువులు ఎత్తడం వేరే చేయాలి.

ఆ మలుపు దగ్గర

నేను ఓరి దేవుడా మలుపు చేరేసరికి పది గంటలు గడిచాయి. ఇంకా 35 కిలోమీటర్లు. చుట్టూ చాలామంది దిగి సైకిలు నడిపించుకుంటూ పోతున్నారు. ఎవరూ ఎవర్నీ చూసి నవ్వరు. నడిచినా ఊరు దగ్గరపడుతుంది. మొదటి పది కిలోమీటర్లకు గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో స్ఫూర్తి కలిగించే ఆలోచనలేవీ రాలేదు. తరవాతి ముద్ద ఎప్పుడు తినాలి, నీళ్లు ఎన్ని మిగిలాయి అన్న లెక్కలే. శిక్షణ అంటే అదేననుకుంటాను, ధైర్యం అయిపోయాక చేతికందే అలవాటు. గడియారం 12 గంటల 44 నిమిషాలు చూపినప్పుడు ఊళ్లోకి దిగాను.

మనకంటే ముందు

సారా మాడక్ అనే ఆవిడ 1894లోనే సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కు తొమ్మిది రోజుల్లో సైకిలు మీద వచ్చింది, పొడవు గౌనులో, మట్టిరోడ్ల మీద. మన పక్కన తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతోపాటు వేలమంది పల్లె ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. బస్సు కోసమో, మగవాళ్ల కోసమో ఎదురుచూడకుండా తమ పనికి తాము వెళ్లడం వాళ్లకు పెద్ద మార్పు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో టైమ్ ట్రయల్ స్వర్ణం గెలిచిన విక్టోరియా అమ్మాయి గ్రేస్ బ్రౌన్ మొదట పరుగు క్రీడాకారిణి. సైకిలు రేసుల్లోకి వచ్చింది ఇరవై ఏళ్లు దాటాకే.

పీక్స్ ఛాలెంజ్‌తోనే మొదలుపెట్టనక్కర్లేదు. మెల్‌బోర్న్‌లో అక్టోబరులో జరిగే అరౌండ్ ద బే చదును దారి, దూరం ఎంచుకోవచ్చు. బ్రిస్బేన్‌లో ఉంటే మౌంట్ కూథా, అడిలైడ్‌లో నార్టన్ సమ్మిట్, సిడ్నీలో బాబిన్ హెడ్ దగ్గర్లోనే ఉన్నాయి. అయితే సైకిలు కొనడానికి ముందు ఇంట్లో కూర్చుని, వారంలో ఏ మూడు గంటలు పూర్తిగా మీవో, ఆ మూడు గంటలు ఇల్లు ఎవరు చూసుకుంటారో మాట్లాడుకోండి. అది తేలితే మంచి సైకిలు ఏదో చెప్పేవాళ్లు దుకాణంలో చాలామంది ఉంటారు.