ఆకాశములోని బోయీ: డకోటా విమానము

మద్రాసులో సాయంకాలము తపాలాపెట్టెలో వేసిన ఉత్తరము మరునాటి ఉదయమునకు ఢిల్లీ చేరుట 1949 నాటి ప్రజలకు ఒక వింత. ఆ సంవత్సరము జనవరి 30వ తేదీన భారతదేశములో రాత్రి విమాన తపాలా ప్రారంభమైనది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములనుండి నాలుగు విమానములు చీకటిపడిన పిమ్మట బయలుదేరి, అర్ధరాత్రివేళకు దేశమునకు నడిబొడ్డున ఉన్న నాగపురము చేరెడివి. అచ్చట దీపముల వెలుగులో ఒక విమానములోని సంచులు మరియొక విమానములోనికి మారెడివి. ప్రయాణికులును దిగి, కొంత సేదదీరి, తాము పోవలసిన దిక్కునకు పోవు విమానము నెక్కెడివారు. తెల్లవారునప్పటికి ఏ విమానము వచ్చిన నగరమునకు ఆ విమానము మరల చేరెడిది.

ఈ పనికి తొలుత పూనుకొన్నది డకోటా. అది వేగముగల విమానము కాదు. దాని వేగము గంటకు 170 మైళ్ళు మొదలు 180 మైళ్ళ వరకు మాత్రమే. నేలపై నిలిచినప్పుడు తోక క్రిందికి వ్రాలి, ముక్కు పైకెత్తి యుండుటచే, లోనికి ఎక్కినవారు కొండమెట్ట ఎక్కినట్లు తమ కుర్చీవరకు నడువవలసి వచ్చెడిది. అయినను ఇరువదవ శతాబ్దపు నడిమి కాలములో ప్రపంచమందలి విమాన కంపెనీల జాబితాలను చూచినచో, ఏ ఖండమందైనను, ధనిక దేశమైనను, బీద దేశమైనను, ఈ పేరు కనబడని జాబితా అరుదు. పల్లకి మోయు బోయీవలె అది ఎవరి బరువని అడుగక మోసినది. ఆ బరువుల కథయే ఆ కాలపు ప్రపంచ చరిత్రలో ఒక భాగము.

కొయ్య రెక్క నుండి లోహపు రెక్కకు

1931 మార్చిలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రములో ఒక ప్రయాణికుల విమానము కూలిపోయెను. దాని రెక్క కొయ్యతో కట్టినది. లోపల చెమ్మ చేరి అతుకులు బలహీనపడి, గాలిలోనే ఆ రెక్క విరిగెను. మరణించినవారిలో ప్రసిద్ధుడైన ఫుట్‌బాల్ శిక్షకుడు నూట్ రాక్నీ ఉండుటచే దేశమంతయు కలవరపడెను. కొయ్య రెక్కల కాలము దానితో తీరిపోయినది.

బోయింగ్ సంస్థ అప్పటికే లోహముతో ఒక క్రొత్త విమానమును నిర్మించుచుండెను గాని, మొదటి 60 విమానములును యునైటెడ్ కంపెనీకే పోవలసియుండెను. పోటీ కంపెనీయైన టి.డబ్ల్యు.ఎ.లో ముఖ్యుడగు జాక్ ఫ్రై 1932లో ఇతర నిర్మాతలకు ఒక చిన్న లేఖ వ్రాసి, తమకు కావలసిన విమానపు లక్షణములను తెలిపెను. కాలిఫోర్నియాలోని శాంతా మోనికాలో ఉన్న డొనాల్డ్ డగ్లస్ ఆ లేఖకు జవాబు చెప్పెను. 1933లో డి.సి.-1 అను విమానమొకటి ఎగిరినది. మరుసటి యేడు దానిని పెంచి, పదునలుగురు కూర్చుండదగిన డి.సి.-2ను తయారుచేసిరి.

ఆ డి.సి.-2 సత్తా లోకమునకు తెలిసినది 1934 అక్టోబరులో జరిగిన లండను-మెల్బోర్ను పందెములో. అలహాబాదు సైతము ఆ పందెపు దారిలో తప్పక దిగవలసిన మజిలీలలో ఒకటి. గెలిచినది పందెము కొరకే కట్టిన ఇంగ్లీషు విమానము. అది మూడు దినములలోపున మెల్బోర్ను చేరెను. దాని వెనుక రెండవదిగా వచ్చినదో, డచ్చి కంపెనీయగు కె.ఎల్.ఎం. వారి సామాన్యమైన ప్రయాణికుల విమానము. అందు ముగ్గురు ప్రయాణికులును తపాలా సంచులును ఉండెను. దాని పేరు ‘ఉయివర్’, అనగా కొంగ.

గమ్యము చేరువైన రాత్రి ఆ కొంగ ఉరుముల మబ్బులలో దారి తప్పెను. ఆస్ట్రేలియాలోని ఆల్బరీ అను చిన్న పట్టణమువారు ఆ ఇంజనుల రొద విని, ఊరి విద్యుద్దీపములను ఆర్పుచు వెలిగించుచు తంతి సంకేతములతో తమ ఊరిపేరు తెలిపిరి. కార్లున్నవారందరును గుఱ్ఱపు పందెముల మైదానమునకు రావలెనని రేడియోలో ప్రకటించిరి. ఆ కార్ల దీపముల వెలుగులో విమానము క్షేమముగా దిగినది. మరునాడు బురదలో కూరుకొన్న విమానమును ఊరివారు త్రాళ్ళుకట్టి లాగి మరల ఆకాశమున కంపిరి. ఆ డిసెంబరులోనే ‘ఉయివర్’ ఇరాకు ఎడారిలో కూలి, అందున్నవారందరు మరణించుట విషాదకరము. ఆ కాలపు విమానయానములో విజయమునకును వినాశమునకును నడుమ దూరము అంత తక్కువ.

ఇరువదియొక్క కుర్చీల లెక్క

అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతియగు సి.ఆర్. స్మిత్ రాత్రివేళ పండుకొని ప్రయాణము చేయుటకు వీలైన విమానము కావలెనని డగ్లస్‌తో టెలిఫోనులో చాలసేపు వాదించెను. డగ్లస్ మొదట ఒప్పుకొనలేదు. తుదకు డి.సి.-2ను వెడల్పుచేసి 14 పడకలుగల విమానమును నిర్మించెను. పడకలకు బదులు కుర్చీలు వేసినచో 21 మంది కూర్చుండవచ్చును. అదియే డి.సి.-3. 1935 డిసెంబరు 17వ తేదీన అది మొదటిసారి ఎగిరెను. రైటు సోదరులు తొలిసారి ఎగిరినదియు డిసెంబరు 17వ తేదీననే. నడుమ గడచినవి 32 సంవత్సరములు మాత్రమే.

పదునాలుగునకును ఇరువదియొకటికిని భేదము ఏడే. కాని విమాన వ్యాపారపు గతిని మార్చినవి ఆ ఏడు కుర్చీలే. విమానమును నడుపు వ్యయము కొద్దిగా మాత్రమే పెరిగెను; టిక్కెట్ల రాబడి సగము పెరిగెను. అంతవరకు అమెరికా విమాన కంపెనీలు ప్రభుత్వము తపాలా మోతకు ఇచ్చు సొమ్ముపై ఆధారపడి బ్రతికెడివి. ప్రయాణికుల టిక్కెట్లతోనే లాభము చూపగల మొదటి విమానము ఇదియే యని స్మిత్ తరువాత చెప్పుకొనెను. కొద్ది సంవత్సరములలో అమెరికాలోని పెద్ద కంపెనీలన్నియు, ఐరోపాలో కె.ఎల్.ఎం., స్విస్ఎయిర్ మొదలగునవియు దీనిని కొనినవి. సోవియట్ రష్యా, జపాను దేశములు అనుమతి పొంది తమ కర్మాగారములలోనే దీనిని తయారుచేసినవి.

యుద్ధపు బరువు

రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. కుర్చీలు పోయి, గట్టి నేలయు, పెద్ద తలుపును వచ్చినవి. అమెరికా సైన్యము దానికి సి-47 అని పేరిడెను. బ్రిటిషువారు డకోటా అనిరి. మనదేశములో నిలిచినది ఈ రెండవ పేరే. అమెరికాలో పదివేలకు పైగా తయారైనవి. 1944 జూన్ 6వ తేదీకి ముందటి రాత్రి నార్మండీ తీరముపై సైనికులను గొడుగులతో దింపిన విమానములలో అత్యధికభాగము ఇవియే. ఐరోపా, ఆఫ్రికా యుద్ధములలో విజయమునకు అత్యంతము తోడ్పడిన సామగ్రిని పేర్కొనుచు ఐసెన్‌హోవర్ బుల్‌డోజరు, జీపు, లారీల సరసన ఈ విమానమునుగూడ చేర్చెను. ఆ నాలుగింటిలో ఒక్కటియు పోరాటము కొరకు కట్టినది కాకుండుట గమనింపదగినది.

తూర్పున అస్సాము నుండి హిమాలయపు అంచులు దాటి చైనాకు సరకులు చేర్చిన మార్గములో మొదట శ్రమించినవియు ఇవియే. 1941లో చైనాలో నేలపై నిలిచియున్న ఒక డి.సి.-3 కుడిరెక్కను జపాను బాంబులు పాడుచేసినవి. తగిన రెక్క దొరకలేదు. హాంగ్‌కాంగులో పాత డి.సి.-2 రెక్కయొకటి మాత్రము ఉండెను. అది దీని రెక్కకంటె పొట్టిది. దానిని మరియొక విమానపు పొట్టక్రింద కట్టి వందల మైళ్ళు తెచ్చి అతికించిరి. ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి రెక్కలతో ఆ విమానము నిక్షేపముగా ఎగిరిపోయెను. చోదకులు నవ్వుచు దానిని డి.సి.-రెండున్నర అని పిలిచిరి.

మనదేశములో

యుద్ధము ముగియగానే వేలకొలది డకోటాలు పనిలేక నిలిచిపోయినవి. అమెరికా సైన్యము భారతదేశములో వదలిన విమానములు చౌకగా అమ్మకమునకు వచ్చినవి. బెంగుళూరులోని హిందూస్థాన్ విమాన కర్మాగారము వానిని బాగుచేసి, సైనికుల బల్లలు తీసి ప్రయాణికుల కుర్చీలు అమర్చెను. ఎన్నో కంపెనీలు పుట్టినవి. హైదరాబాదులో నిజాము ప్రభుత్వమును టాటాలును కలిసి స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుండి డకోటాలతోనే నడచినది.

1947 శరత్కాలములో ఈ విమానములపై పడిన బరువు మునుపెన్నడును పడలేదు. దేశవిభజనలో ప్రాణములు అరచేత పట్టుకొని వచ్చువారిని ఇవి సరిహద్దు దాటించినవి. అక్టోబరు 27వ తేదీ ఉదయము సిక్కు రెజిమెంటు మొదటి పటాలమునకు చెందిన సైనికులను ఢిల్లీనుండి శ్రీనగరమునకు చేర్చినవియు డకోటాలే. వాయుసేన విమానములతోపాటు కంపెనీల విమానములును అందు పాల్గొనినవి. శ్రీనగరపు మైదానము అప్పటికే శత్రువుల చేత చిక్కినదేమో యను సందేహముతోనే అవి బయలుదేరినవి. ఆ సైనికులకు నాయకుడగు లెఫ్టినెంటు కల్నల్ దీవాన్ రంజిత్ రాయ్ ఆ దినముననే వీరమరణము నందెను. నగరము మాత్రము దక్కినది.

వ్యాపారము వేరు కథ. విమానము చౌక, ప్రయాణికులు కొద్దిమంది, కంపెనీలు అనేకము. ఒకే మార్గమునకు ఇద్దరు ముగ్గురు పోటీపడగా అందరికిని నష్టమే మిగిలెను. 1950లో విచారణ జరిపిన రాజాధ్యక్ష సంఘము కంపెనీల సంఖ్య అవసరమునకు మించినదని తేల్చెను. 1953 ఆగస్టు 1వ తేదీన ఎనిమిది కంపెనీల దేశీయ సర్వీసులను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషనును ఏర్పరచిరి. ఆ క్రొత్త సంస్థకు సంక్రమించిన విమానములు 99. వానిలో డకోటాలు 74.

బంగారము పెట్టి కొన్న విమానము

స్వాతంత్ర్యము కొరకు పోరాడుచున్న ఇండోనేషియాకు ఈ విమానము ప్రాణవాయువైనది. 1947 జూలైలో ఒరిస్సాకు చెందిన బిజూ పట్నాయక్ డచ్చివారి కన్నుగప్పి, మాజీ ప్రధాని షహ్రీర్‌ను జావానుండి తన డకోటాలో తీసికొనివచ్చెను. ఆ నెల 29వ తేదీన వి.టి.-సి.ఎల్.ఎ. అను గుర్తుగల భారతీయ డకోటా సింగపూరునుండి రెడ్‌క్రాస్ వారి మందులతో జోగ్యకర్తకు వచ్చుచుండగా డచ్చి యుద్ధవిమానములు కూల్చివేసినవి. ఎనిమిదిమంది మరణించిరి, ఒక్కడు బ్రతికెను. మృతులలో ఒకడైన అదిసుచిప్తో పేరే ఆ విమానాశ్రయమునకు తరువాత పెట్టిరి.

మరుసటి యేడు సుమత్రా దీవిలోని అచే ప్రాంతపు ప్రజలు విరాళములుగా బంగారము పోగుచేసి, తమ రిపబ్లిక్కు కొరకు ఒక డకోటాను కొనిపెట్టిరి. తమ కొండపేరుతో దానికి ‘సెలావా’ అని నామకరణమైనది. 1948 డిసెంబరులో డచ్చివారు జోగ్యకర్తను ఆక్రమించిన సమయమున అది మరమ్మతుకై కలకత్తాలో ఉండెను. తిరిగిపోవుటకు స్వదేశములో చోటు లేదు. అంతట దానిని బర్మాకు కొనిపోయి, 1949 జనవరి 26వ తేదీ నుండి ఇండోనేషియన్ ఎయిర్‌వేస్ అను పేరుతో బాడుగకు నడిపిరి. రాజధాని శత్రువుల చేతిలో ఉండగా ఒక దేశపు విమాన కంపెనీ పరాయినేలపై ఒకే విమానముతో పుట్టుట చరిత్రలో అరుదైన సంఘటన.

అదే కాలమున బెర్లిను నగరమునకు దారులన్నియు మూతపడగా, 1948 జూన్ నెలనుండి విమానములు ఆ నగరమును పోషించినవి. మొదట డకోటాలే పూనుకొన్నవి. కాని ఒక్కొక్కటి మూడు టన్నులు మాత్రమే మోయగలిగెను. అంత పెద్ద నగరపు బొగ్గును, పిండిని మోయుటకు అది చాలలేదు. పదిటన్నులు మోయు నాలుగింజనుల విమానములకు అది తన స్థానము విడిచెను.

వేగముగల వారసులు

1952 మే 2వ తేదీన బ్రిటిషువారి కామెట్ లండనునుండి జోహానెస్‌బర్గుకు బయలుదేరుటతో ప్రయాణికుల జెట్‌యుగము మొదలైనది. సరిగా ఏడాది తిరిగిన దినముననే ఒక కామెట్ కలకత్తా చేరువలో తుఫానుగాలిలో చిక్కి కూలెను. 1954లో మరి రెండు మధ్యధరా సముద్రములో పడినవి. ఆ రెంటికిని కారణమును నీటితొట్టిలో నిలిపి చేసిన పరీక్షలు తేల్చినవి: ఉన్నతాకాశమున ప్రయాణికులు ఊపిరి పీల్చుటకై లోపల గాలిని బిగింపగా, మాటిమాటికి ఉబ్బి తగ్గిన లోహము అలసి చీలినది.

డకోటాలో గాలిని బిగించు ఏర్పాటు లేదు. అందుచే అది మబ్బులకు పైన పోజాలదు. వానకాలములో ప్రయాణికులు కుదుపులతో కష్టపడిరి. కొండలకు తగిలి కూలినవియు ఉన్నవి. కాని అదే లోపము దానికి దీర్ఘాయువు నిచ్చినది. ఉబ్బుట, తగ్గుట అను శ్రమ దాని దేహమునకు లేదు. దాని రెక్కలో బరువు ఒకే దూలముపై పడక పలు అరలకు పంచబడును. గడ్డినేలపై దిగగలదు, సామాన్యమైన పనిముట్లతో బాగుపడును. వైకౌంట్, ఫాకర్ ఫ్రెండ్‌షిప్, బోయింగ్ 707 వంటివి వచ్చి పెద్ద నగరముల మార్గములను తీసికొనగా, చిన్న ఊళ్ళ మైదానములు చాలకాలము డకోటాకే మిగిలినవి. డకోటాకు బదులు మరియొక డకోటాయే యను నానుడి చోదకులలో వ్యాపించినది అందుచేతనే.

2025తో దానికి 90 సంవత్సరములు నిండినవి. ఇప్పటికిని కొన్ని ఎగురుచునే యున్నవి. 2018లో భారత వాయుసేన చేరిన ఒక డకోటాకు ‘పరశురామ’ అని పేరుపెట్టి, శ్రీనగరమున తొలుత దిగిన విమానపు సంఖ్యనే దానికి నిచ్చిరి. నేటి పెద్ద ప్రయాణికుల విమానములన్నియు వేగమందు దానిని మించినవే. కాని ఒక యంత్రపు గొప్పతనమును కొలుచునపుడు అది ఎంత వేగముగా పోయెనో అడుగుటతో సరిపోదు. ఏ ఊరిలో దిగగలిగెనో, ఎవరికి అక్కరకు వచ్చెనో అదియును అడుగవలెను. ఆ ప్రశ్నకు డకోటా పక్షమున సాక్ష్యము చెప్పదగినవారు ఎందరో కలరు: కార్ల దీపములు వెలిగించిన ఆల్బరీ ప్రజలు, బంగారము ఒలిచి ఇచ్చిన అచే వాసులు, నాగపురపు అర్ధరాత్రిలో చేతులు మారిన ఉత్తరము కొరకు తెల్లవారుజామున గుమ్మములో ఎదురుచూచిన సామాన్యులు.